ఖాళీ పల్లమెరుగు: డీఎస్సీ వేసినా కొన్ని బళ్లకు టీచరు ఎందుకు ఉండరు?

ప్రభుత్వ బళ్లకు టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీ అనగానే మనకు పోస్టుల సంఖ్యే గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు. తెలంగాణలో 2024 డీఎస్సీకి 11,062. నోటిఫికేషన్ పడ్డ రోజు నుంచి నియామక పత్రాలిచ్చే సభ దాకా పేపర్లో వచ్చే ప్రతి వార్తా ఈ అంకెల చుట్టూనే తిరుగుతుంది. ఆ హడావుడి ముగిసి జూన్‌లో బళ్లు తెరిచేసరికి మళ్లీ పాత వార్తలే. ఫలానా తండాలో టీచరు లేరు. ఫలానా హైస్కూల్లో లెక్కల సారు బదిలీ అయ్యారు, కొత్తవారు రాలేదు. తల్లిదండ్రులు గేటుకు తాళం వేశారు.

ఇన్ని వేలమందిని తీసుకున్నాక కూడా ఇదేంటని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రభుత్వం సరిపడా పోస్టులు వేయలేదని కొందరు, ఉన్నవాళ్లు పని చేయట్లేదని ఇంకొందరు తేల్చేస్తారు. కానీ పోస్టు నింపడం ఒక పని, ఫలానా బడిలో ఫలానా సబ్జెక్టుకు మనిషి ఏడాది పొడవునా ఉండేలా చూడటం ఇంకో పని. మన దగ్గర మొదటిది ఎన్నేళ్లకో ఒకసారి ఆర్భాటంగా జరుగుతుంది. రెండోదాన్ని బదిలీల కౌన్సెలింగ్‌కు వదిలేశారు. బడి భవిష్యత్తును డీఎస్సీ కంటే ఎక్కువగా తేల్చేది ఈ రెండోదే.

ముందు లెక్కలు చూద్దాం. కేంద్రం ఏటా బళ్ల వివరాలు సేకరించి ఇచ్చే యూడైస్ ప్లస్ 2024-25 నివేదిక ప్రకారం దేశంలో టీచర్ల సంఖ్య తొలిసారి కోటి దాటింది. 3, 4, 5 తరగతుల స్థాయిలో సగటున 13 మంది పిల్లలకు ఒక టీచరు, 6 నుంచి 8 స్థాయిలో 17 మందికి ఒకరు ఉన్నారు. విద్యాహక్కు చట్టం అడిగేది ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో 35 మందికి ఒకరు. అంటే సగటు ప్రకారం మనకు టీచర్లు మిగిలిపోవాలి. కానీ అదే నివేదికలో ఒకే ఒక్క టీచరుతో నడిచే బళ్లు దేశంలో లక్షకు పైగా ఉన్నాయి. రాష్ట్రాల్లో మొదటి స్థానం 12,912 బళ్లతో ఆంధ్రప్రదేశ్‌ది. తెలంగాణది ఇంకో రకం వింత. ఒక్క పిల్లవాడు కూడా చేరని బళ్లు అక్కడ 2,245 ఉంటే, వాటి లెక్కలో 1,016 మంది టీచర్లు కనిపిస్తారు. వీళ్లంతా ఖాళీగా కూర్చున్నారని కాదు, మామూలుగా పక్క బళ్లకు సర్దుతారు. పోస్టు ఉన్నచోట పిల్లలు లేరు, పిల్లలున్న చోట పోస్టు లేదు అన్నదే ఇక్కడి సంగతి.

ఒక్క టీచరుతో బడి అంటే ఏమిటో టైమ్‌టేబుల్ వేసి చూస్తే తెలుస్తుంది. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు వీటితో పాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 పాఠాలు. రోజుకు ఆరు గంటలు అనుకున్నా ఒక్కో పాఠానికి 20 నిమిషాలు దక్కుతాయి, అదీ మిగతా పని ఏదీ లేకపోతే. ఆ మిగతా పని చాలా ఉంటుంది: యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, గుడ్లు వచ్చాయా లేదా, మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు వాట్సాప్ గ్రూపులో సాయంత్రంలోగా అడిగిన వివరాలు. ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తూ ఐదో తరగతికి బోర్డు మీద భిన్నాలు వేయడం మామూలే. టీచరుకు జ్వరమొచ్చి సీఎల్ పెడితే, క్లస్టర్ (దగ్గరి బళ్ల సముదాయం) నుంచి సీఆర్పీ అనే సహాయక సిబ్బంది దొరికితే బడి నడుస్తుంది, లేకపోతే లేదు. 60 మంది లోపు పిల్లలున్నా కనీసం ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్ చెబుతుంది. కానీ పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దే రేషనలైజేషన్ లెక్కల్లోకి వచ్చేసరికి, పిల్లలు మరీ తక్కువున్న బడికి ఒకే ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు) పోస్టు మిగులుతుంది.

ఖాళీ పుట్టేది ఒకచోట, తేలేది మరోచోట

ఒక హైస్కూల్ హెడ్మాస్టరు (హెచ్‌ఎం) రిటైరయ్యారనుకుందాం. ఆ కుర్చీలోకి ఒక సీనియర్ స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్లో సబ్జెక్టు టీచరు) ప్రమోషన్ మీద వస్తారు. ఆ స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ అవుతుంది. ఈ పోస్టుల్లో 70 శాతం ఎస్జీటీల ప్రమోషన్లతోనే నింపాలి, నేరుగా డీఎస్సీతో నింపేది 30 శాతం. కాబట్టి ఎక్కువసార్లు ఎక్కడో ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పుకుంటున్న ఒక ఎస్జీటీ పైకి వెళ్తారు. పట్నం హైస్కూల్లో జరిగిన రిటైర్మెంటు చివరికి ఓ చిన్న ఊరి ప్రైమరీ బడిలో ఖాళీగా తేలుతుంది.

ఇక్కడితో అయిపోదు. ఆ ఎస్జీటీ ఖాళీ రోడ్డు పక్క ఊళ్లో ఉంటే, తర్వాతి బదిలీల్లో ఎవరో ఒకరు కోరుకుంటారు. వాళ్లు వదిలిన బడి కాస్త లోపలి ఊళ్లో ఉంటుంది. దాన్ని ఇంకా లోపలున్నవారు కోరుకుంటారు. నీరు పల్లమెరుగు అన్నట్టు, ఖాళీ కూడా దొర్లుకుంటూ పోయి బస్సు లేని ఊళ్లో ఆగుతుంది. పద్ధతి ప్రకారం పాతవాళ్ల బదిలీలు, ప్రమోషన్లు అయ్యాకే కొత్తవాళ్లకు పోస్టింగులిస్తారు. దాంతో డీఎస్సీలో గెలిచినవారి ముందుకొచ్చే జాబితాలో ఎవరూ కోరుకోని బళ్లే ఎక్కువ. వృత్తిలో మొదటి రోజున, పక్కన అడిగేందుకు ఒక్క సీనియర్ కూడా లేని చోట, ఐదు తరగతులు ఒకేసారి నడపాల్సి వస్తుంది. ఏ ఆస్పత్రిలోనైనా కొత్త డాక్టర్‌ని మొదటి రోజే ఒంటరిగా ఎమర్జెన్సీలో వదిలితే గగ్గోలు పెడతాం. బడి విషయంలో అది మామూలు పోస్టింగ్ ఆర్డరు.

ఇందులో ఎవరి తప్పూ లేదన్నది గమనించాలి. సీనియారిటీ ఉన్నవాళ్లు ఇంటికి దగ్గర కోరుకోవడం న్యాయమే. దూరప్రాంతంలో చేసిన సర్వీసుకు ఎక్కువ పాయింట్లు ఇవ్వడం, భార్యాభర్తలను దగ్గర చేయడం, తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి ముందు అవకాశం, ఇవన్నీ అవసరమైన నియమాలే. ఒక్కో నియమం టీచరుకు న్యాయం చేసేందుకే పుట్టింది. అన్నీ కలిపి చూస్తే మాత్రం బడి వైపు నుంచి అడిగే నియమం ఒక్కటీ కనపడదు.

పట్టణాల దగ్గరి ఖాళీలను అధికారులు కొన్నిసార్లు కౌన్సెలింగ్‌లో చూపించకుండా బ్లాక్ చేసేది ఇందుకే. లోపలి ఊళ్లు నిండాలంటే ఇంకో దారి లేదంటారు. టీచర్ల సంఘాలేమో, బ్లాక్ చేసిన ఆ పోస్టుల్లోకి తర్వాత పైరవీ మీద ఎవరో వచ్చి కూర్చుంటారని అంటాయి. ఇద్దరి మాటా కొట్టిపారేయలేం. దొడ్డిదారి బదిలీల చరిత్ర లేకపోతే బ్లాకింగ్ మీద ఇంత అనుమానమూ ఉండేది కాదు. కర్ణాటక 2007లోనే టీచర్ల బదిలీలకు చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌కు అలాంటి చట్టం 2025లో వచ్చింది. హెచ్‌ఎంలు ఒకేచోట ఐదేళ్లు, టీచర్లు ఎనిమిదేళ్లు దాటి ఉండకూడదన్నది అందులో కీలకం. పైరవీకి కళ్లెం వేయడానికి ఇది మంచిదే. అయితే అది గరిష్ఠ కాలం. ఒక పల్లె బడి అడిగేది కనీసం ఇన్నేళ్లయినా ఉండండి అని.

బదిలీ ఆర్డరు చేతికొచ్చినా కదలలేని టీచర్లు ఇంకో పక్క. ఏకోపాధ్యాయ బడి అయితే, తన స్థానంలో మరొకరు వచ్చి చేరేదాకా రిలీవ్ చేయరు. వచ్చేవారు తమ బడి నుంచి రిలీవ్ కావాలి, అక్కడికి వచ్చేవారు ఇంకో చోటి నుంచి. మధ్యలో ఒకరు చేరకపోతే గొలుసంతా ఆగిపోతుంది. మనసు ఎప్పుడో కొత్త ఊరికి వెళ్లిపోయిన మనిషి పాత బడిలో నెలల తరబడి రోజులు లెక్కపెడతారు.

జీతం ఎటు లాగుతుంది?

దూరం వెళ్లి పనిచేసేవారికి ఎక్కువ డబ్బు ఇవ్వాలని ఎవరైనా అంటారు. మన జీతాల పద్ధతి నిశ్శబ్దంగా దీనికి ఎదురు నడుస్తుంది. 2020 పీఆర్సీ (వేతన సవరణ) తర్వాత తెలంగాణలో హైదరాబాద్‌లో ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) 24 శాతం, పల్లెలో 11. ఆంధ్రప్రదేశ్‌లో 2022 సవరణ ప్రకారం పెద్ద నగరాల్లో 16 శాతం, పల్లెల్లో 10. ఇంటి అద్దె నగరంలోనే ఎక్కువ కాబట్టి తర్కం సరైనదే. కానీ పల్లె బడిలో పనిచేసే టీచర్లలో చాలామంది కాపురం పట్నంలోనే పెడతారు, పిల్లల చదువు కోసం. పట్నం అద్దె కడుతూ పల్లె హెచ్‌ఆర్‌ఏ తీసుకుంటూ, రోజూ బైక్ మీద పెట్రోలు కాల్చుకుంటూ తిరిగే మనిషికి ప్రతి నెలా జీతం చిట్టీ ఒకటే చెబుతుంది: నువ్వు ఇక్కడ ఉన్నంతకాలం నష్టపోతావు.

గాంబియా 2006లో రోడ్డుకు మూడు కిలోమీటర్లకు మించి లోపలున్న బళ్ల టీచర్లకు, దూరాన్ని బట్టి, జీతంలో 30 నుంచి 40 శాతం కష్టభత్యం ఇచ్చింది. ఆ బళ్లకు వెళ్తామని టీచర్లు తామే అడగడం మొదలైంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో 2001 నుంచి కొన్నేళ్లు పేద పిల్లలెక్కువున్న బళ్లలో లెక్కలు, సైన్స్, ప్రత్యేక విద్య టీచర్లకు ఏడాదికి 1,800 డాలర్లు అదనంగా ఇచ్చారు. బడి వదిలి వెళ్లేవారు 17 శాతం మేర తగ్గారు. ఇండోనేషియాలో మాత్రం సర్టిఫికెట్ పొందిన టీచర్లందరికీ మూలవేతనంతో సమానమైన భత్యం ఇచ్చారు. టీచర్ల సంతృప్తి పెరిగింది, పిల్లల మార్కులు కదల్లేదు. అందరికీ పెంచితే ఎవరినీ ఎక్కడికీ కదిలించదు. ఫలానా చోటికి, ఫలానా సబ్జెక్టుకు పెడితేనే మనుషులు కదులుతారు. మన దగ్గర సంఘాలూ ప్రభుత్వమూ పీఆర్సీ మీద పోట్లాడినంతగా ఈ రెండో రకం డబ్బు గురించి మాట్లాడుకోవు.

డబ్బు కంటే బలమైనది ఇంకోటి ఉంది, ఊరు. ఏజెన్సీలో టీచర్లు ఉండరు, వచ్చినా నిలవరు అన్న ఫిర్యాదు చాలా పాతది. దానికి విరుగుడుగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరిలో జీవో 3 తెచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి సరిపడదని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న దాన్ని కొట్టేసింది, అప్పటికే చేరినవారి ఉద్యోగాలను మాత్రం కాపాడింది. న్యాయపరంగా తీర్పు సంగతి ఎలా ఉన్నా, జీవో వెనకున్న పరిశీలన తప్పు కాదు: పిల్లల భాష వచ్చి, ఆ ఊళ్లోనే ఇల్లున్న టీచరు వానాకాలంలో వాగు పొంగినా బడికి వస్తారు.

ఇదే సంగతి ఇంకో రకంగా తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం చేశారు. లాటరీ తీసి 100 బళ్లకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చి చూస్తే, పిల్లల మార్కులు పెరిగాయి. ఆ కాంట్రాక్టు టీచర్లకు జీతమూ శిక్షణా తక్కువ, అయినా రెగ్యులర్ వారికంటే తక్కువగా గైర్హాజరయ్యారు. దీన్ని చవకగా టీచర్లను తెచ్చుకోవచ్చని చదివేవాళ్లు ఉన్నారు. నేను అలా చదవను. వాళ్లు ఎక్కువగా ఆ ఊరివాళ్లు. దగ్గరలో ఉండటం పనిచేసింది, పేద జీతం కాదు.

ఏడేళ్ల ఖాళీ

ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత నియామకాల దాకా వచ్చింది 2025లోనే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. తెలంగాణలో 2017 టీఆర్టీ (డీఎస్సీ లాంటి నియామక పరీక్ష) తర్వాత 2024. అక్కడా మధ్యలో 5,089 పోస్టుల నోటిఫికేషన్ ఒకటి రద్దయింది. రెండు చోట్లా ఏడేళ్లు.

టీచరు ఏ నెలలో రిటైరవుతారో ప్రభుత్వానికి వాళ్లు ఉద్యోగంలో చేరిన రోజే తెలుసు. పుట్టినతేదీ సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలోనే ఉంటుంది. ఏటా ఎన్ని ఖాళీలు రాబోతున్నాయో తెలిసి కూడా ఏటా నియామకాలు జరగకపోవడం లెక్క తెలియక కాదు. ఒక్కో రెగ్యులర్ పోస్టు అంటే ముప్పై ఏళ్ల జీతం. పైగా చిన్న నోటిఫికేషన్లు ఏటా వేస్తే ఎన్నికల సభలో చెప్పుకోవడానికి పెద్ద అంకె ఉండదు. రిటైర్మెంటు వయసు పెంచడం కూడా ఇందుకు కలిసొచ్చింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 60 నుంచి 62కి పెంచాయి. ఆ రెండు, మూడేళ్లు రిటైర్మెంట్లు దాదాపు ఆగాయి, ఖాళీలు కనపడలేదు. తర్వాత ఒక్కసారిగా మొదలయ్యాయి.

ఈ మధ్యకాలాన్ని నింపేది ఎప్పుడూ తాత్కాలిక మనుషులే. 1980లలో నెలకు 398 రూపాయలకు తీసుకున్న ప్రత్యేక ఉపాధ్యాయులను ఈ రంగంలో ఇప్పటికీ '398 టీచర్లు' అనే అంటారు. తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు, ఆ తర్వాత అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు. మరోపక్క 1998 డీఎస్సీలో అర్హత సాధించి వివాదాల్లో ఇరుక్కున్నవారిలో వేలమందికి ఆంధ్రప్రదేశ్ పాతికేళ్లు గడిచాక మినిమమ్ టైమ్ స్కేల్ (పే స్కేలులో కనీస మొత్తం) మీద ఉద్యోగాలిచ్చింది. పాఠం చెప్పడానికి ఎంపికైన మనిషి రిటైరయ్యే వయసు దగ్గర పడ్డాక బడిలో అడుగుపెట్టారు.

ఎదురుచూసే కుర్రకారు సంగతి అవనిగడ్డ కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల అద్దె గదుల్లో కనపడుతుంది. మెగా డీఎస్సీకి 3.36 లక్షల మంది 5.77 లక్షల దరఖాస్తులు పెట్టారు. వయోపరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 44కి, తెలంగాణలో 46కి వెళ్లింది. ఎదురుచూపుల్లో వయసు దాటినవారికి అన్యాయం జరగకూడదని పెంచారు, పెంచాల్సిందే. 44 ఏళ్లకు చేరినవారికి మిగిలే సర్వీసు 18 ఏళ్లు. వీళ్లలో చాలామంది అప్పటికే ప్రైవేటు బళ్లలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవారన్నది ఒక్కటే ఊరట.

పరీక్ష సంగతి క్లుప్తంగా. టీచరు అర్హత పరీక్ష టెట్ 150 మార్కులకు, దాని వెయిటేజీ 20 శాతం, డీఎస్సీ రాతపరీక్ష 80 శాతం. డెమో క్లాసు ఉండదు. టీచరును పాఠం చెప్పించకుండా ఎంపిక చేయడం విడ్డూరమే, అయినా ఇంటర్వ్యూలు పెడితే ఏం జరుగుతుందో తెలిసిన సమాజం ఆబ్జెక్టివ్ పరీక్షను నమ్ముకోవడంలో నాకు తప్పు కనపడదు. మార్చాల్సింది ఉద్యోగంలో చేరాక మొదటి ఏడాది.

పోస్టులు నింపే వరస కూడా చాలా చెడగొడుతుంది. తెలంగాణ గురుకులాల్లో 2023లో 9 వేలకు పైగా పోస్టులకు పరీక్షలు పెట్టారు. ఒకే అభ్యర్థి టీజీటీ పోస్టుకూ, దానిపైని పీజీటీకీ, ఇంకా పైని జూనియర్ లెక్చరర్‌కూ ఎంపికయ్యే అవకాశం ఉంది కాబట్టి పై పోస్టు ముందు, కింది పోస్టు తర్వాత నింపండని, అంటే అవరోహణ క్రమం పాటించమని అభ్యర్థులు మొత్తుకున్నారు. అలా చేయకపోతే ఒక్కరు రెండు, మూడు పోస్టులు గెలిచి ఒక్కదాంట్లో చేరతారు. మిగతావి మరో నోటిఫికేషన్ దాకా ఖాళీ. రిజర్వేషన్ల వరస (రోస్టర్) ప్రకారం ఉర్దూ మీడియంలో కొన్ని వర్గాలకు వెళ్లే పోస్టులకు అసలు అభ్యర్థులే ఉండరు. వేసిన 16,347 పోస్టులకు 15,941 మందే ఎంపిక కావడంలో ఇలాంటి లెక్కలే ఉంటాయి.

నిలబెట్టుకోవడం

మన రాష్ట్రాల్లో ప్రభుత్వ టీచరు ఉద్యోగం మానేయడం అరుదు. మానేసేది బడిని. పట్నం దగ్గరికి డిప్యుటేషన్, వర్క్ అడ్జస్ట్‌మెంట్ పేరుతో పోస్టు ఒకచోట, మనిషి ఇంకోచోట. రికార్డులో బడికి ఇద్దరు టీచర్లుంటారు కాబట్టి ఖాళీ కూడా చూపించరు. ఊరికి ఇంతకంటే అన్యాయం లేదు.

ఉన్న టీచరును కూడా బయటి పనికి లాగుతాం. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సాయం, ఎన్నికలకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి సర్వేకు ఎస్జీటీలను పంపితే ప్రాథమిక బళ్లు ఒంటిపూట నడిచాయి. ఆ సర్వే అవసరమా కాదా అన్నది వేరే చర్చ. పని చేయించుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు గుర్తొచ్చేది టీచరే, ఎందుకంటే ప్రతి ఊళ్లో చదువుకున్న ప్రభుత్వ ఉద్యోగి అంటే వాళ్లే.

ఏం చేయొచ్చంటే, నా దృష్టిలో మొదటిది కొత్తవారిని ఒంటరిగా వేయకపోవడం. మొదటి రెండేళ్లు కనీసం ఒక సీనియర్ ఉన్న బడిలో ఉంచి, ఏకోపాధ్యాయ బళ్లకు అనుభవజ్ఞులను డబ్బు, పాయింట్లు రెండూ ఇచ్చి పంపాలి. ఖర్చు అవుతుంది. ప్రతి మండలానికీ కొన్ని లీవ్ రిజర్వ్ పోస్టులు ఉండాలి, టీచరు సెలవు పెడితే బడి మూతపడకుండా. మండలాన్ని లేదా క్లస్టర్‌ను ముందే చూపించి, అక్కడ ఇన్నేళ్లు ఉంటామని ఒప్పుకున్నవారినే ఆ పోస్టుకు తీసుకునే పద్ధతి పెట్టొచ్చు. దానికి జిల్లా కేడర్ నిబంధనలు అడ్డురావు, జిల్లా లోపలే జరుగుతుంది కదా. చిన్న బళ్లను కలిపి తరగతికో టీచరు ఇవ్వడం ఇంకో దారి. కానీ ఒకటో తరగతి పిల్ల హైవే దాటి వెళ్లాలంటే ఆ తల్లి పక్క ఊరి ప్రైవేటు బస్సు ఎక్కిస్తుంది, ఉన్న ఎన్‌రోల్‌మెంటూ పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించిన జీవో 117 మీద వచ్చిన వ్యతిరేకతలో పెద్దభాగం ఈ దూరం గురించే. 2025లో ఆ జీవోను ఉపసంహరించారు.

ఇప్పుడు గొలుసుకు ఇంకో ముడి పడింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, సర్వీసులో ఉన్న టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని తీర్పిచ్చింది. రిటైర్మెంటుకు ఐదేళ్ల లోపున్నవారికి మినహాయింపు ఉంది, కానీ ప్రమోషన్ కావాలంటే వాళ్లూ పాసవ్వాల్సిందే. టెట్ తప్పనిసరి అయింది 2010 ఆగస్టులో, అంతకుముందు డీఎస్సీల్లో చేరిన వేలమందిని ఇది తాకుతుంది. పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి మళ్లీ చైల్డ్ డెవలప్‌మెంట్ బిట్లు చదువుకోవడంలోని టెన్షన్ ఒక ఎత్తు. అర్హులు దొరక్క పై ప్రమోషన్లు ఆగితే కింది ఖాళీలు ఎక్కడ తేలతాయో, గడువుకు పాసవ్వనివారి స్థానంలో ఎవరిని వేస్తారో, జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసులు సీనియారిటీ జాబితాలు ముందేసుకుని ఇప్పటినుంచే చూసుకోవాల్సిన లెక్క.